నాలుగో దండెం

తొమ్మిది రోజులకు ఒక్క రోజు సెలవు. ఆసుపత్రి డ్యూటీ అంటే అంతే మరి. మొదటి అంతస్తులో ఉండే నర్సుకు ఈసారి ఆ ఒక్క రోజూ ఆదివారం నాడు పడింది. వానలు వెనకబట్టాయి, చలి ఇంకా మొదలవలేదు. ఎండ తొమ్మిదింటికి గాని డాబా మీదకు రాదు, నాలుగున్నర దాటితే ఉండదు. ఆ కాసేపట్లోనే, ఆర్నెల్లుగా పెట్టె అడుగున ముక్కిపోతున్న ఐదు రగ్గులూ ఉతికి ఆరేసుకోవాలని ఆవిడ ప్లాను. ఆరింటికే లేచి, టబ్బులో దిగి కాళ్ళతో తొక్కి, మూడు నీళ్ళు మార్చి, పిండి పడేసింది. తొమ్మిదయ్యేసరికి నడుము పట్టేసింది. కోపం కూడా సరిగ్గా తొమ్మిదింటికే వచ్చింది, ఎందుకంటే అంతసేపూ మొగుడుగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూనే ఉన్నాడు.

"ఏమండీ, ఆ పేపరు ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది గానీ, లేచి ఈ టబ్బు డాబా మీదకి మొయ్యండి."

"నేనా?"

"కాదు, పేపరు వేసినాయన. లేవండి! మన దండెం మొదటిది. ఒక్కో రగ్గుకి నాలుగేసి క్లిప్పులు. మధ్యాహ్నం నేనొచ్చి తిరగేస్తాను. దీనికి కూడా అర్జీ పెట్టుకోమంటారా?"

అర్జీ అనడంలో ఎత్తిపొడుపు ఉంది. ఆయన నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల విభాగం గుమాస్తా. కుళాయి రాలేదనీ, వస్తే మురికిగా వచ్చిందనీ జనం కోపంతో ఊగిపోతూ రాసే ఉత్తరాలకు ఇరవై ఏళ్ళుగా జవాబులు రాస్తున్నాడు. ఆయన జవాబు చదివితే ఎంతటివాడైనా చల్లబడి, తప్పు తనదేనేమో అని కుళాయి వైపు జాలిగా చూస్తాడు. ఆ పేరు విని బిల్డింగులో వాళ్ళంతా తమ ఉత్తరాలూ, దరఖాస్తులూ ఆయన చేతే రాయించుకుంటారు. ఎవరడిగినా కాదనడు. అది మంచితనమని అందరూ అంటారు. నన్నడిగితే అదొక జబ్బు. ఆ జబ్బు ఆ ఆదివారం ఎంతదాకా తీసుకెళ్ళిందో చెబుతాను, మీరే తేల్చండి.

నాలుగంతస్తుల బిల్డింగు, అంతస్తుకో ఇల్లు, డాబా మీద ఇంటికో దండెం. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఉంటున్నా గుమాస్తా డాబా ఎక్కడం అదే మొదలు. రొప్పుతూ తలుపు తోసుకుని వెళ్ళేసరికి ఎదురుగా వరసగా నాలుగు దండేలు కనిపించాయి. తలుపు దగ్గరున్నది మొదటిది కాక మరేమవుతుంది? ఐదు రగ్గులూ దాని మీదే పరిచి, ఇరవై క్లిప్పులూ లెక్కగా పెట్టి, కాసేపు దూరంగా నిలబడి చూసుకుని దిగొచ్చాడు. ఆ బిల్డింగు కట్టిన నాటినుంచీ దండేలు నీళ్ళ ట్యాంకు వైపు నుంచి లెక్కని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆయన మొదటిదనుకున్నది నాలుగోది.

నాలుగోది టైలరమ్మది. పై అంతస్తులో ఒంటరిగా ఉంటూ, ముందు గదిలో మెషిను వేసుకుని బతుకుతుంది. చిల్లర పనులు తప్ప పెద్ద పని దొరకని ఆవిడకు ఈ ఏడు ఒక స్కూలు వాళ్ళు నలభై స్వెట్టర్లు ఇచ్చారు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి అప్పగించాలి. నచ్చితే ఆ స్కూలు చలికాలం పనంతా ఆవిడకే. నచ్చకపోతే నమస్కారం. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టింది. సుద్ద గీతలూ, నూనె మరకలూ పోవాలని నలభై స్వెట్టర్లూ ఉతికింది. పదిన్నరకి రెండు బుట్టలతో డాబా ఎక్కి చూస్తే ఏముంది? తన దండెం మీద ఐదు రగ్గులు బొటబొటా నీళ్ళు కారుస్తున్నాయి. ఆ బరువుకి తాడు సాగి, సగం నేలకి జారింది.

టైలరమ్మది మామూలుగానే ముక్కు మీద కోపం. పైగా మూడు రోజులుగా నిద్రలేదు. పొద్దున్న మొదటి అంతస్తు బాల్కనీలో నర్సు రగ్గులు తొక్కడం చూసింది గనక అవి ఎవరివో అడగక్కర్లేకపోయింది. రగ్గుల్ని బరబరా లాగి, ట్యాంకు పక్కనున్న మొదటి దండెం స్తంభం దగ్గర కుప్పేసింది. సాగిన తాడు మీద పాతిక స్వెట్టర్లే పట్టాయి. మిగతా పదిహేనూ మొదటి దండెం మీద వేసింది. నా దండెం వాళ్ళు వాడుకుంటే వాళ్ళది నేను వాడుకోకూడదా అనుకుంది. అందులో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ కనిపించదు.

మధ్యాహ్నం పన్నెండింటికి రగ్గులు తిరగేద్దామని నర్సు పైకెళ్ళింది. తన దండెం మీద ఎవరివో స్వెట్టర్లు. కింద, దుమ్ములో, రాలిన ఆకుల్లో తన ఐదు రగ్గులూ ముద్దగా పడి ఉన్నాయి. నడుము నొప్పి, పొద్దుటి చాకిరీ, సగమైపోయిన సెలవు అన్నీ కలిసి ఒక్కసారి నెత్తికెక్కాయి. రెండేసి మెట్లు దిగుతూ ఇంటికొచ్చిపడింది.

"ఏమండీ! ఎక్కడ ఆరేశారు?"

"మొదటి దండెం మీద."

"ఖాయమా?"

"ఒకటి లెక్కపెట్టడం కూడా రాదా నాకు?" అన్నాడు గుమాస్తా, నొచ్చుకుని. అప్పటికి అది అబద్ధం కాదు.

కుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, "వాడు అబద్ధం ఆడడే అమ్మాయ్. అంత తెలివి లేదు వాడికి," అని సాక్ష్యం పలికింది.

నర్సు మళ్ళీ మెట్లెక్కింది. పెళ్ళాం నడకలో ఏదో తేడా కనిపించి గుమాస్తా వెనకే వెళ్ళాడు. ఆవిడ నాలుగో అంతస్తులో ఆగి టైలరమ్మ తలుపు బాదుతుంటే, ఈయన చప్పుడు కాకుండా డాబా మీదకు పాకాడు. చూశాడు. ట్యాంకు పక్క స్తంభం మీద, వెలిసిపోయిన పచ్చ రంగులో "1" అని అంకె. తలుపు పక్క స్తంభం మీద "4". కొంప మునిగిందని అర్థమైంది. కిందకి దిగి, పొరపాటు నాదే అని రెండు ముక్కలు చెప్పేస్తే పోయేది. చెబుదామనే తలుపు దాకా వచ్చాడు కూడా. కింద రాళ్ళు పడుతున్నట్టు మాటలు పడుతున్నాయి.

"నా రగ్గులు మట్టిలో పడేస్తావా?"

"నా దండెం మీద వేస్తే పడెయ్యనా? నెత్తిన పెట్టుకుంటానా?"

"నీ దండెం మీద ఎవరేశారు? మొదటి దండెం మీద వేసింది మా ఆయన!"

"మీ ఆయనకి లెక్క తప్పిందేమో!"

"ఏమన్నావ్? మా ఆయనకా? ఇరవై ఏళ్ళుగా ఒక్క కాగితం తప్పు పోనివ్వని మనిషాయన! ఆఫీసర్లు కూడా ఆయన్నడిగి సంతకాలు పెడతారు! ఒకటి లెక్కపెట్టడం రాని మనిషా మా ఆయన?"

గుమాస్తా అక్కడే ఆగిపోయాడు. పెళ్ళై పద్నాలుగేళ్ళయింది. ఆ నోటివెంట తన గురించి మంచి మాట వినడం అదే మొదటిసారి, అదీ నాలుగంతస్తులు మార్మోగేలా. ఆ మాట చెవిలో పడ్డాక, వెళ్ళి "లెక్క తప్పిందే" అని ఎలా చెబుతాడు? చెప్పాలి. ఏ మగాడైనా చెప్పాలి. ఈయన చెప్పలేదు. వాళ్ళు తలుపులు ధడాలున వేసుకునేదాకా డాబా మీదే నక్కి, తర్వాత పిల్లిలా దిగొచ్చాడు.

"రాయండి!" అంది నర్సు, ఆయన గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే. "ఊళ్ళో వాళ్ళందరికీ రాస్తారుగా. నాకు రాయండి. నోటీసు. కింద బోర్డు మీద పెడతాను. అందరూ చదివి ఆవిడ ముఖాన ఉమ్మాలి."

రాశాడు. దొంగతనం చేసినవాడే దొంగ మీద ఫిర్యాదు రాస్తే ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. "మొదటి దండెముపై ఆరవేయబడిన ఐదు రగ్గులు మధ్యాహ్నమునకు నేలను చేరియున్నవి. ఇది విచారకరము."

"చేరియున్నవి ఏంటండీ? అవే నడుచుకుంటూ వెళ్ళి చేరాయా? పడేశారు అని రాయండి!"

"ఎవరు పడేశారో చూడలేదు కదా... మర్యాదగా ఉండాలని..."

"మర్యాదా? వెళ్ళి ఆ రగ్గులతో చెప్పండి మర్యాద!"

టైమైపోతోందని ఆవిడే దాన్ని సొంత చేత్తో ఎత్తి రాసి, బోర్డుకి గుచ్చి రమ్మని ఆయన్ని పంపింది. మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఉంటుంది బోర్డు. గుమాస్తా నాలుగో సూది గుచ్చుతుండగా వెనక నుంచి టైలరమ్మ గొంతు వినిపించింది.

"అన్నయ్యగారూ, నాకూ ఒకటి రాసివ్వండి."

"ఏమిటమ్మా?"

"దీనికి జవాబు."

"ఇది మా ఇంటి నోటీసు తల్లీ!"

"చదవడం వచ్చు నాకు. నా మీదే కదా. అయితే ఈ బిల్డింగులో రాసేది మీరొక్కరేగా? వదినకి రాసిచ్చి నాకు రాయననడం న్యాయమేనా? నేను కుట్టేప్పుడు మీ ఇంటి బట్టలకో రకం, నా బట్టలకో రకం కుట్టు వేస్తున్నానా?" ఆవిడ బోర్డు వైపు వేలు చూపించింది. "ఆ రగ్గులు లాగి రెండు దండేల మీద సర్దేసరికి అరగంట ఎండ పోయింది. తాడు సాగిపోయింది. రేపు ఎనిమిదింటికి తడి స్వెట్టర్లు పట్టుకెళితే ఆ స్కూలు గుమ్మం మళ్ళీ తొక్కనిస్తారా? ఎన్నేళ్ళకి దొరికిందో తెలుసా ఈ పని? మళ్ళీ నన్ను పట్టుకుని దండెం దొంగనంటారు!"

ఏ కాస్త సిగ్గున్నా ఆయన అక్కడ నోరు విప్పాలి. ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. మీటరు పెట్టె మీద కాగితం పెట్టుకుని మొదలెట్టాడు. ఈసారి రాసేదంతా నిజం. దాంతో చెయ్యి ఆగలేదు. "ఐదు రగ్గులు తమంతట తాము నాలుగో దండెం ఎక్కలేదు. ఎవరో ఎక్కించారు. ఆ మనిషి ఈ బిల్డింగులోనే ఉన్నాడు. ఇప్పటిదాకా నోరు విప్పలేదు. ఒకరి పొరపాటుకి ఇంకొకరి పొట్ట కొట్టడం ఏ ఇంటి మర్యాద?" టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, అక్కడికక్కడే దాన్ని తన చేతిరాతతో ఎత్తి రాసి, నర్సు నోటీసు పక్కనే గుచ్చింది.

ఒంటిగంటకి నర్సు దాన్ని చదివింది. రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి చీపురు ఒక మూలకి విసిరింది.

"బయటివాడెవడు రాసిచ్చాడో గానీ ఆవిడకి, వాడు రాసేవాడండీ! చదువుతుంటే నాకే ఆవిడ మీద జాలేసింది. అంత కోపంలో ఉన్న నాకు! 'ఆ మనిషి ఈ బిల్డింగులోనే ఉన్నాడు' అట. ఒళ్ళు జలదరించింది. మీరూ ఉన్నారు, 'చేరియున్నవి' అంటూ! వెళ్ళి వాడెవడో కనుక్కుని వాడి దగ్గర నేర్చుకోండి!"

గుమాస్తా వెళ్ళి ఆ చీపురు తీసి తలుపు వెనక పెట్టాడు. లోపల ఏదో మూల కాస్త గర్వపడ్డాడని కూడా చెప్పక తప్పదు. ఇలాంటి మనుషుల్ని ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఇది ఇక్కడితో ఆగిపోయేదే, రెండో అంతస్తులో రిటైరైన హెడ్మాస్టరు లేకపోతే. బిల్డింగు ప్రెసిడెంటు కూడా ఆయనే. భోజనం చేసి కిందకి నడవడానికి దిగిన ఆ పెద్దమనిషి బోర్డు చూశాడు. కాగితం మీద రాత కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, నర్సు నోటీసు కింద "క్రియలు పిరికిగా ఉన్నవి. పదికి ఆరు" అనీ, టైలరమ్మ నోటీసు కింద "సూటిగా ఉంది. పదికి ఎనిమిది" అనీ వేసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

నర్సు అగ్గి మీద గుగ్గిలమైంది. "ఆరా? ఆవిడకి ఎనిమిదీ, నాకు ఆరా? రగ్గులు పోయింది నావి, మార్కులు ఆవిడకా? రాయండి ఇంకోటి! ఈసారి ఎనిమిదిన్నరకి తగ్గితే మీకు రాత్రికి కంచం ఉండదు!"

మొగుడు రెండోది రాశాడు. ఏడొచ్చింది. టైలరమ్మ మళ్ళీ మెట్ల కింద కాపు కాసింది. ఆవిడకీ రెండోది రాశాడు. దానికి ఎనిమిదిన్నర. నర్సు పైకీ కిందకీ, టైలరమ్మ కిందకీ పైకీ, ఆ మెట్ల మీద జోళ్ళ చప్పుడుకి మూడో అంతస్తులో రాత్రంతా బస్సు నడిపొచ్చి పడుకున్న డ్రైవరు లేచాడు. లుంగీ బిగించి, ఎర్రటి కళ్ళతో కిందకొచ్చి గుమాస్తా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు.

"గురూ, నాకూ ఒకటి రాయి! పగలు పడుకునేవాడు కూడా మనిషేనని రాయి! దండేలన్నీ కోసి పారేస్తానని రాయి!"

అదీ రాశాడు. దానికి ఐదున్నర, "ఆవేశము ఎక్కువ, వివరము తక్కువ" అని. మూడింటికల్లా బోర్డు మీద ఐదు కాగితాలు, అన్నీ ఒకే బుర్రలోంచి వచ్చినవి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. రాసిన మనిషి మాత్రం ఇంట్లో కూర్చుని తలనొప్పని మాత్ర అడిగాడు. ఇంట్లో నర్సు ఉండి కూడా ఆయనకు మాత్ర దొరకలేదు.

ఐదు కాగితాలు చూశాక హెడ్మాస్టరుకి ఇది మార్కులతో తేలదని తోచింది. బిల్డింగు నిబంధనల పుస్తకం తీశాడు. అందులో ఒక మూల, డాబా దండేల మీద ఇంటి బట్టలే తప్ప వ్యాపారం బట్టలు వేయరాదని ఉంది. పదేళ్ళుగా ఎవరూ చూడని ముక్క. నాలుగింటికి డాబా మీద మీటింగన్నాడు. అనేసి గుమాస్తాని పిలిచాడు.

"ఏమోయ్, తీర్మానం రాసి పెట్టు. నాలుగో దండెం ఇక ఆవిడకి లేదని రాయి. ఆ స్వెట్టర్లన్నీ ఈ సాయంత్రమే తీసెయ్యాలని రాయి. నిబంధన నిబంధనే."

"అయ్యా, ఆవిడకి రేపు పొద్దున్నే..."

"రాస్తావా, రాయవా?"

ఆ చెయ్యి విరగలేదు. రాసింది.

నాలుగింటికి అందరూ డాబా ఎక్కారు. అత్తగారు కూడా కుర్చీ మోయించుకుని మరీ వచ్చింది. ఎండ పలచబడింది. టైలరమ్మ దండెం పక్కనే నిలబడి ఒక్కో స్వెట్టరు చేతి పట్టీ పట్టుకుని చూస్తోంది. ఒక్కటీ ఆరలేదు. నర్సు చేతులు కట్టుకుని ఆవిడ వైపు చూడకుండా నిలబడింది. డ్రైవరు గోడకానుకుని ఆవలిస్తున్నాడు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, చదవమన్నట్టు చెయ్యి ఊపాడు.

"నేటి నుండి నాలుగో దండెముపై..." అని గుమాస్తా మొదలుపెట్టాడు. "నాలుగో అంతస్తు వారికి ఎట్టి హక్కును... వ్యాపార వస్త్రములన్నియు నేటి సాయంత్రమే..."

"చదవక్కర్లేదు అన్నయ్యగారూ, నేనే తీసేస్తా," అంది టైలరమ్మ. ఏడవలేదు. పళ్ళు బిగించి ఒక్కో క్లిప్పూ పీకుతోంది. "రేపు స్కూలుకెళ్ళి చెప్తాను, మా బిల్డింగులో పెద్దమనుషులున్నారు, తడివే తొడుక్కోమన్నారు అని."

పన్నెండో క్లిప్పు దగ్గర గుమాస్తా కాగితం కిందకి దించాడు.

"ఆగమ్మా! తియ్యొద్దు. ఆ రగ్గులు నాలుగో దండెం మీద వేసింది నేనే. లెక్క తప్పింది నాకే."

తర్వాత జరిగిందేమిటో చెబితే మీరు నమ్మరు. ఎవరూ ఆయన్ని నమ్మలేదు.

"చూశారా?" అంది నర్సు, అందరి వైపూ తిరిగి. "చూశారా ఈయన సంగతి? గొడవ సద్దుమణగాలని తప్పు నెత్తినేసుకుంటున్నాడు! ఎప్పుడూ ఇంతే! ఏమండీ, మీకు సిగ్గు లేదా, ఎవరి తప్పో మీరెందుకు మొయ్యాలి?"

"నిజంగా నేనే వేశానే!"

"ఎంత ఉదారమైన మనసయ్యా!" అన్నాడు హెడ్మాస్టరు.

"మీరు నా కోసం అబద్ధం ఆడొద్దు అన్నయ్యగారూ," అంది టైలరమ్మ కూడా, క్లిప్పు పట్టుకుని. "ఆరేళ్ళలో మిమ్మల్ని ఈ డాబా మీద ఒక్కసారైనా చూశానా? వేసింది వదినే. నాకు తెలుసు."

"నేనా? మళ్ళీ నన్నంటావా!" అని నర్సు కొంగు దోపింది.

"గురువంటే నువ్వు గురూ," అని డ్రైవరు నిద్రకళ్ళతో దండం పెట్టాడు.

అప్పుడు వచ్చింది గుమాస్తాకు కోపం. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కోపాలన్నీ చదివి చల్లార్చినవాడికి సొంత కోపం ఎలా ఉంటుందో తెలియదనుకుంటా, గట్టు తెగినట్టు వచ్చింది. తీర్మానం కాగితం రెండుగా చింపాడు. నాలుగుగా చింపాడు.

"అబ్బబ్బబ్బ! తప్పు చేశానురా నాయనా అంటే ఒప్పుకోరేంటి! ఇదిగో చూడండి!" అని డాబా తలుపులోంచి బయటికెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చాడు. "ఇలా వచ్చాను. టబ్బు ఇక్కడ దింపాను. ఎదురుగా ఇది కనబడింది. ఒకటి అనుకున్నాను! ట్యాంకు నుంచి లెక్కని నాకెవడు చెప్పాడు? ఇరవై క్లిప్పులూ నేనే పెట్టాను! పన్నెండింటికే తెలిసింది నాకు. చెప్పలేదు! ఎందుకంటే ఇది," అని పెళ్ళాన్ని చూపించాడు, "జన్మకో మంచి మాటంది నా గురించి. అది పోతుందని భయమేసింది. సరేనా? ఇంకో సంగతి. ఆ బోర్డు మీద కాగితాలు ఐదూ నేనే రాశాను! దీనివీ, ఆవిడవీ, వాడిదీ! ఈ తీర్మానమూ నేనే!"

ఈసారి నమ్మారు. అత్తగారు మాత్రం "వీడికి ఇంత నోరుందా?" అని ఆశ్చర్యపోయింది. నర్సు ముఖంలో రంగులు మారుతుంటే అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. దండెం తప్పినందుకో, పొద్దున్నుంచీ దాచినందుకో, తన చేత ఒక నిరపరాధిని తిట్టించినందుకో ఉతికి ఆరేస్తుందని అందరూ అనుకున్నారు.

"ఆవిడవి కూడా మీరే రాశారా?" అంది చివరికి, చాలా మెల్లగా.

"ఆఁ."

"ఎనిమిది వచ్చినదీ?"

"...ఆఁ."

"ఎనిమిదిన్నర వచ్చినదీ?"

గుమాస్తా తల ఊపాడు.

"అంటే మీకు రాయడం వచ్చన్నమాట! కట్టుకున్నదానికి ఆరు మార్కులది రాసి, పై ఇంటావిడకి ఎనిమిదిన్నరది రాస్తారా? నా నోటీసుకి 'చేరియున్నవి', ఆవిడ నోటీసుకి 'ఒళ్ళు జలదరించేది'! ఇంకో మాట మాట్లాడితే ఈ డాబా మీంచి తోసేస్తాను!"

"అది నిజం కనక బాగా వచ్చిందే..." అని గొణిగాడు గుమాస్తా.

ఆ మాటకి నర్సు ముఖం తిప్పుకుని, చేతికి అందిన స్వెట్టరు పట్టుకుని చూసింది. చల్లగా, చెమ్మగా ఉంది. నలభై స్వెట్టర్ల వైపూ చూసింది, దిగిపోతున్న ఎండ వైపు చూసింది, టైలరమ్మ వైపు చూడ్డానికి మాత్రం కాస్త టైము పట్టింది. మళ్ళీ నోరు విప్పేసరికి వార్డులో కేసులు మీద పడ్డప్పటి గొంతు వచ్చేసింది.

"ఇంటికి పదేసి. ఫ్యాను పూర్తిగా పెట్టి కుర్చీల మీద పరవండి, కాస్త ఆరాక ఇస్త్రీ. ఉన్ని కనక పైన పల్చటి గుడ్డ వేసి చెయ్యండి, నేరుగా పెడితే మాడుతుంది. డ్రైవరు గారూ, నిద్ర తర్వాత పోవచ్చు. హెడ్మాస్టరు గారూ, మీ పుస్తకం అత్తయ్యకివ్వండి, మీకు ఇస్త్రీ చెయ్యడం వచ్చా? రాకపోతే పట్టుకుని నిలబడండి. వదినా, ముందు ఆ క్లిప్పులు మళ్ళీ పెట్టు, ఉన్న పది నిమిషాల ఎండైనా తగలనీ."

"వదినా" అన్న మాట విని టైలరమ్మ నోట్లో క్లిప్పు పెట్టుకుని పనిలో పడింది.

ఏడింటిదాకా నాలుగిళ్ళలోనూ ఫ్యాన్లు తిరిగాయి, ఇస్త్రీపెట్టెలు కాలాయి. మొదటి అంతస్తులో ఇద్దరాడవాళ్ళూ చెరో బల్ల దగ్గర నిలబడి ఇస్త్రీ చేస్తూ, మగవాళ్ళ మీద, ముఖ్యంగా ఒక్కడి మీద, మనసు తీరా మాట్లాడుకున్నారు. ఆ ఒక్కడూ బాల్కనీలో నిలబడి మట్టికొట్టుకుపోయిన ఐదు రగ్గులూ మళ్ళీ తొక్కుతున్నాడు. మూడు నీళ్ళు మార్చమని లోపల్నుంచి మూడుసార్లు వినిపించింది.

సోమవారం ఏడున్నరకి టైలరమ్మ నలభై స్వెట్టర్లూ మడతలు నలగకుండా రెండు మూటలు కట్టుకుని స్కూలుకి బయల్దేరింది. నర్సు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ బోర్డు మీద పాత కాగితాలన్నీ పీకేసి, ఎవరినీ అడక్కుండా తనే ఒకటి రాసి గుచ్చింది. "నాలుగో దండెం టైలరమ్మది. ఈ చలికాలం మొదటిది కూడా ఆవిడే వాడుకుంటుంది. తప్పు మా ఆయనది అరిచింది నేను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాతో మాట్లాడండి. రాయొద్దు."

హెడ్మాస్టరు కిందకి దిగి, ఎర్ర పెన్ను మూత తీసి, మొదటినుంచి చివరిదాకా చదివి, మూత పెట్టేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆఫీసుకు బయల్దేరిన గుమాస్తా బోర్డు ముందు ఆగాడు. అటూ ఇటూ చూసి, "మా ఆయనది" తర్వాత ఒక కామా పెడదామని పెన్సిలు తీశాడు.

మళ్ళీ ఏమనుకున్నాడో, జేబులో పెట్టేసుకున్నాడు.